హంద్రీ ఒడ్డున 900 మీటర్ల నడక దారి: ఎలా వేశాం, ఎక్కడ తప్పు చేశాం

కర్నూలులో హంద్రీ ఒడ్డున మేం వేసిన నడక దారి పొడవు 900 మీటర్లు. కాగితం మీద గీసింది 5 కిలోమీటర్లు. వేసిన 900లో కూడా చాలా భాగం మొదటి వానాకాలంలోనే పాడైపోతే, తీసేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఇప్పుడు దాని మీద పొద్దున, సాయంత్రం జనం నడుస్తున్నారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, బర్రెలు కూడా పోతున్నాయి. మా ఊళ్లో కూడా ఇట్లాంటిది వేయాలి అని ప్రొద్దుటూరు నుంచో, తాడిపత్రి నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట అంతా రాసి పెడితే నయమని ఇది రాస్తున్నా. నేను చదివింది సివిల్, ఇరవై ఏళ్లుగా చేస్తున్నది పార్కులు, చెరువు కట్టలు, నడక దారుల పని. ఈ దారికి డిజైన్, సైట్ రెండూ నా బాధ్యతే, కాబట్టి కింద చెప్పే తప్పుల్లో ఎక్కువ నావే.

కర్నూలు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. పాత ఊరు తుంగభద్రలో హంద్రీ కలిసే మూలలో ఉంది. తుంగభద్ర అవతలి గట్టు తెలంగాణ, అలంపురం అటువైపే. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవనీ, అందుకే ఈ చోటు కందెనవోలు అయిందనీ, అదే జనం నోళ్లలో కర్నూలు అయిందనీ మా ఊళ్లో అందరూ చెప్పుకునే మాట. నాకు ఈ మాట చాలా ఇష్టం. ఏటి ఒడ్డున ఆగిన బండ్లవాళ్ల వల్ల పేరొచ్చిన ఊళ్లో, ఇప్పుడు ఏటి ఒడ్డుకు పోయి పది నిమిషాలు నిలబడాలంటే దారి దొరకదు. ఇళ్లకు వాకిలి బజారు వైపు, పెరడు ఏటి వైపు. పెరటి గోడ దాటితే చెత్త, చెత్త దాటితే సర్కారు తుమ్మ, అది దాటితే మురుగు, ఆ తర్వాత ఎక్కడో ఏరు. ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, అంత అందమైన కట్టడం, హంద్రీ గట్టునే ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు సమాధి చూసి వెనక్కి పోతారు, ఏటి వైపు నాలుగు అడుగులు వేసేవాళ్లు నాకు కనపడలేదు.

దానికి ఇంకో కారణం భయం. 2009 అక్టోబర్ 2 తేదీ చెబితే చాలు, కర్నూలు మనిషికి మిగతాది చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి, పల్లపు వీధులు మునిగిపోయాయి, జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. మేం దారి గురించి మాట్లాడటానికి మొదటిసారి ఒక వీధికి పోయినప్పుడు ఒక అవ్వ మమ్మల్ని ఇంట్లోకి తీసుకుపోయి మెట్ల పక్క గోడ మీద మరక చూపించింది. ఎన్నిసార్లు సున్నం వేసినా అది మళ్లీ బయటికి వస్తుందంట. "ఏమప్పా, ఆ ఏటి కాడికి మళ్లీ మా పిల్లోళ్లను పంపమంటారా?" అని అడిగింది. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఆ గోడ మీద గీత ఎత్తు మాత్రం టేపు పెట్టి కొలుచుకుని వచ్చాను. తర్వాత ఈ పనిలో మాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చినవి ఇట్లా ఇళ్లల్లో తీసుకున్న కొలతలే.

హంద్రీ సంగతి కూడా చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది పారే ఏరు కాదు. పైన గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది, మామూలు రోజుల్లో పై నీళ్లు అక్కడే ఆగిపోతాయి, ఊళ్లోకి వచ్చేసరికి కనపడేది చాలావరకు మన కాలువల మురుగే. జమ్ము పెరిగి ఉంటుంది, గుర్రపుడెక్క కమ్ముకుని ఉంటుంది. పై ఊళ్లలో గట్టి వాన పడిందంటే మాత్రం ఒక్క రాత్రిలో ఇదే ఏరు గట్టుకు గట్టు పారుతుంది, రెండో రోజుకు దిగిపోతుంది. ఏడాదిలో పది పన్నెండు రోజులు మాత్రమే ఏరుగా ఉండి, మిగతా రోజులు మురుగు కాలువలా ఉండే ఏటి పక్కన జనం ఇష్టంగా నడిచే దారి వేయడం ఎట్లా అనేదే ఈ పనంతా.

ముందు నడిచాం

డ్రాయింగ్ మొదలుపెట్టక ముందు మూడు వారాలు ఒడ్డు వెంబడి నడిచాం, నేను, ఇద్దరు కుర్రాళ్లు. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. దారి లేదని అందరూ అంటున్న చోట ఎన్ని దారులున్నాయో అప్పుడు తెలిసింది. చాకలి రేవుకు పోయే దారి. బర్రెలు దిగే దారి, గట్టు కోసుకుపోయి పల్లంగా అయింది. చేపలు పట్టేవాళ్లు పుట్టి మోసుకుపోయే దారి. చెంబు పట్టుకుని పోయేవాళ్ల దారి, దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏటి ఒడ్డున ఏం కట్టినా నెలలో వాసన వస్తుంది. పిల్లల క్రికెట్ పిచ్ ఒకటి. ఇక ఆడవాళ్లు, పొద్దున్నే షుగరూ బీపీ అని డాక్టర్ నడవమన్నవాళ్లు, లారీలు తిరిగే రోడ్డు అంచున చీర కొంగు బిగించుకుని నడుస్తున్నారు, ఏటికి నూరు గజాల దూరంలో. ఒకామెను అడిగాం, ఇటు ఎందుకు రారమ్మా అని. తుమ్మ చెట్ల అవతల ఎవరున్నారో కనపడదు కదా అంది. మా మొదటి పని అక్కడే ఖాయమైంది: సర్కారు తుమ్మ కొట్టాలి, ఒక చివర నిలబడితే రెండో మలుపు దాకా చూపు పోవాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. దారి వేయకముందే, కంప కొట్టిన వారానికే, నలుగురైదుగురు ఆడవాళ్లు ఆ గట్టు మీద నడవడం మొదలుపెట్టారు.

ఆ మూడు వారాల్లోనే రేవు దగ్గర ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి అక్కడే బట్టలు ఉతుకుతున్నాడు. నేను దారి గుర్తులు పెడుతుంటే వచ్చి, "సారూ, ఈడ నీళ్లు పారవు, నిలబడతాయి. పైన ఉంది చూడు, ఆడ పీక్కొని పోతాయి" అన్నాడు. నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. రాసుకున్నాను గానీ ఆ మాటకు అర్థం ఏందో ఆగి ఆలోచించలేదు, దానికి మేం కట్టిన ధర ఒక ఏడాది పని.

భూమి సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే కథ. ఒడ్డున ఉన్నది ఒక్కరి భూమి కాదు. కొంత నది పోరంబోకు, కొంత జలవనరుల శాఖ కింద ఉన్న కట్ట, కొంత కార్పొరేషన్ స్థలం, మధ్యలో రెండుచోట్ల పట్టాలు. ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబర్ల హద్దులు, కొలతలు ఉండే పుస్తకం, తీసుకుని సర్వేయర్‌తో కొలిపించి, ఎవరి గీత ఎక్కడుందో రాళ్లు పాతుకున్న తర్వాతే డిజైన్‌కు కూర్చోండి. మాకు అభ్యంతరం లేదని ఆ శాఖలన్నీ ఇవ్వాల్సిన ఎన్‌ఓసీలకు ఎనిమిది నెలలు పట్టింది, ఒక ఆఫీసులో ఫైలు కనపడకుండా పోయి మళ్లీ మొదటి నుంచి పెట్టాం. పట్టా ఉన్న ఒకాయన మొదట ఒప్పుకోలేదు, తర్వాత తన స్థలం అంచున చెత్త పడకుండా అవుతుందని అర్థమయ్యాక తనే గేటు జరిపించాడు. అక్కడ దారి మూడు మీటర్ల నుంచి 1.8కి తగ్గింది. కాలిబాటకు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ) చెప్పే కనీస వెడల్పు అదే, అంతకంటే తగ్గితే ఇద్దరు ఎదురుపడినప్పుడు ఒకరు పక్కకు దిగాల్సి వస్తుంది.

సబర్మతిలాగా కావాలి అన్నారు

మీటింగుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్‌లో అహ్మదాబాద్ ఫోటో చూపించేవాళ్లు. సబర్మతి రివర్‌ఫ్రంట్. రెండు గట్లూ నిలువు గోడలు, పైన ఒక దారి, కింద నీళ్లకు దగ్గరగా ఇంకో దారి, నది నిండా నీళ్లు. చూడటానికి బాగుంటుంది, కాదనను. అయితే అక్కడ నిండుగా కనపడేవి నర్మద కాలువ నుంచి తెచ్చి వదిలిన నీళ్లు, నది వెడల్పును కట్టడాలతో ఒకే కొలతకు తెచ్చారు, ఒడ్డున ఉన్న వేల కుటుంబాలను వేరేచోటికి పంపారు. మనకు తాగడానికే వేసవిలో తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ వైపు చూడాల్సిన ఊళ్లో, అందం కోసం హంద్రీ నింపడానికి నీళ్లు ఎక్కడివి? అంతకంటే పెద్ద మాట, 2009 చూసిన ఊళ్లో హంద్రీకి ఉన్న వెడల్పులో ఒక్క మీటరు తగ్గించే పని కూడా చేయకూడదని నేను మొదటి రోజే చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. నీళ్లకు చోటు తగ్గిస్తే అవి ఆ అవ్వ ఇంటి మెట్లెక్కుతాయి.

నేను వాళ్లకు చూపించిన ఉదాహరణ వేరే. అమెరికాలో సెయింట్ లూయిస్ చుట్టుపక్కల మిసిసిపీ, మిస్సోరీ నదుల వెంబడి నడక, సైకిల్ దారులు వేయాలని అక్కడి సిటీ, ఇంకో రెండు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జనం 2000లో ఓటు వేసి, వంద రూపాయల కొనుగోలుకు పది పైసలు అన్నట్టుగా ఒక చిన్న పన్ను పెట్టుకున్నారు. ఆ డబ్బుతో గ్రేట్ రివర్స్ గ్రీన్‌వే అనే సంస్థ నడుస్తోంది. మిసిసిపీ అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, ఇల్లినాయ్. అక్కడి కౌంటీలు కూడా అదే ఏడాది అట్లాంటి పన్నే పెట్టుకున్నాయి. 1929లో కట్టి, తర్వాత బండ్లు మానేసిన చెయిన్ ఆఫ్ రాక్స్ వంతెనను 1999లో నడిచేవాళ్లకు, సైకిళ్లకు తెరిచారు, ఇప్పుడు దాని మీద ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి నడిచిపోవచ్చు. తుంగభద్ర మధ్యలో రాష్ట్రాల గీత ఉన్న మనకు ఇది దగ్గరి ఉదాహరణ. నాకు అందులో ముఖ్యంగా కనపడింది వంతెన కూడా కాదు, ప్రతి ఏడాదీ వచ్చే డబ్బు. మన దగ్గర ఏ పథకం కిందైనా కట్టడానికి డబ్బు దొరుకుతుంది, ఊడ్చడానికి దొరకదు. ఏటి ఒడ్డున ఊడ్చడం అంటే చీపురు పని అనుకోకండి, వరద తర్వాత ఒండ్రు ఎత్తిపోయడం.

మొదటి డిజైన్, మొదటి వరద

మా 900 మీటర్లలో సంగమం వైపు ఉన్న కింది భాగం 400 మీటర్లు, పై భాగం 500. కింది భాగం చదునుగా, విశాలంగా ఉంటుంది, చాకలి రేవు అక్కడే. పై భాగంలో ఏరు ఒక వంపు తిరుగుతుంది, గట్టు నిటారుగా ఉంటుంది.

నేను ఏం అనుకున్నానంటే, కింది భాగం పల్లం కాబట్టి ఎట్లాగూ మునుగుతుంది, అక్కడ ఖర్చు పెట్టకూడదు, గరుసు పోసి రోలర్ తిప్పితే చాలు, పోతే మళ్లీ పోసుకోవచ్చు. పై భాగం ఎత్తు కాబట్టి అక్కడ మంచి దారి వేయొచ్చు, బేతంచెర్ల బండలు పరిచి పక్కన కూర్చోవడానికి అరుగులు కడదాం. కాగితం మీద చాలా సబబుగా కనిపించింది. చూసిన ఇంజనీర్లు అందరూ సరే అన్నారు.

ఆ సెప్టెంబర్‌లో హంద్రీకి నీళ్లొచ్చాయి. పెద్ద వరదేమీ కాదు, ఊళ్లోకి రాలేదు, పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. అదే సమయంలో తుంగభద్ర కూడా నిండుగా పారుతోంది. మూడో రోజు నీళ్లు దిగాక పోయి చూస్తే పై భాగంలో 60 మీటర్ల పొడవున బండలు లేచిపోయి ఉన్నాయి, కొన్ని ఏట్లో ఉన్నాయి, అరుగు ఒకటి సగానికి విరిగి వేలాడుతోంది. ఇంకో వంద మీటర్లు పైకి బాగున్నట్టే ఉంది, కాలు పెడితే కింద డొల్ల. కింది భాగంలో దారి ఎక్కడుందో తెలియలేదు. గరుసు ఎక్కడికీ కొట్టుకుపోలేదు, అక్కడే ఉంది, దాని మీద జానెడు ఒండ్రు. వారం తర్వాత ఆ ఒండ్రు ఎండి నెర్రెలు ఇచ్చింది, పారలు పెట్టి ఎత్తబోతే గరుసు కూడా దాంతో వచ్చేసింది. 400 మీటర్లు గీకేసరికి మా దగ్గర దారి లేదు, గరుసు కలిసిన మట్టి కుప్పలు ఉన్నాయి.

ఆ రోజు పెద్దాయన మాట గుర్తొచ్చింది, ఆయన దగ్గరికి పోయి మళ్లీ అడిగాను. ఈసారి ఆయన రేవు రాయి మీద కూర్చుని చేత్తో చూపిస్తూ చెప్పాడు. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ నీళ్లకు పోవడానికి చోటు ఉండదు, అవి ఎదురెక్కి ఇక్కడిదాకా వచ్చి నిలబడతాయి. నిలబడ్డ నీళ్లలో ఉన్న మట్టంతా కిందికి దిగుతుంది. పై వంపు దగ్గర మాత్రం హంద్రీ తన జోరు మీద తనుంటుంది, గట్టు కింద కాలు పెట్టి తవ్వుతుంది. కింది భాగానికి శత్రువు ఒండ్రు, పై భాగానికి శత్రువు కోత. నేను రెండింటికీ తిరగేసి మందు వేశాను. ఒండ్రు పడేచోట గీకడానికి కుదరని దారి, కోత పడేచోట అడుగు నుంచి ఇసుక జారిపోతే లేచిపోయే దారి. మునుగుతుందా లేదా అనే ఒక్క ప్రశ్న అడిగాను, నీళ్లు ఎట్లా వస్తాయి, ఎట్లా పోతాయి అని అడగలేదు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున చేసినా, కడపలో బుగ్గవంక గట్టున చేసినా మొదట అడగాల్సింది ఇదే.

రెండోసారి

కింది 400 మీటర్లకు బండలు తెచ్చాం. ఏట్లో పడ్డవి కూడా ఏరి తెచ్చాం. అడుగున 10 సెంటీమీటర్ల కాంక్రీటు, దాని మీద పాలిష్ చేయని గరుకు బండలు, సందులన్నీ సిమెంటుతో గట్టిగా నింపి. పాలిష్ బండలు చౌకగా వస్తున్నాయని చెప్పినా తీసుకోవద్దు, ఒండ్రు తడి మీద జారి పడితే తుంటి విరుగుతుంది. దారిని ఏటి వైపుకు కొంచెం వాలుగా పెట్టాం, వంద సెంటీమీటర్లకు రెండున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు వరద దిగగానే, ఒండ్రు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే పారలతో తోసి, ట్యాంకరు నీళ్లు కొడితే అంతా ఏట్లోకి పోతుంది. పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి. రెండోసారి వరద తర్వాత ఆరుగురు మనుషులకు రెండు రోజులు పట్టింది, అంతే. ఈ భాగంలో అరుగులు, లైట్లు, చెత్తడబ్బాలు ఏమీ పెట్టలేదు. నీళ్లు ఆపే వస్తువు ఒక్కటి పెట్టినా దాని చుట్టూ కంప, ప్లాస్టిక్ చేరి గుట్ట అవుతుంది.

పై 500 మీటర్లలో దారిని వంపు అంచు నుంచి వెనక్కి, కట్ట పైకి జరిపాం. ఏరు కనపడేది కొంచెం తగ్గింది, ఫోటోలు తీసుకునేవాళ్లు బాధపడ్డారు, తప్పలేదు. ఇక్కడ నేల నల్లరేగడి. దాని గురించి మన వైపు ఇల్లు కట్టిన ప్రతివాళ్లకూ తెలుసు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, దాని మీద ఏది వేసినా పగులుతుంది. అందుకే 45 సెంటీమీటర్లు తవ్వి తీసేసి, గరుసు 15 సెంటీమీటర్ల చొప్పున మూడు పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి రోలర్ తిప్పాం. ఒకేసారి 45 పోసి పైన రోలర్ తిప్పితే కింద మెత్తగానే ఉండిపోతుంది. కాంట్రాక్టర్ అదే చేయబోయాడు, ఒక పూట పని ఆపించి తీయించాల్సి వచ్చింది. ఇది మెత్తని దారి, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు బండల కంటే దీని మీదే నడుస్తున్నారు.

వంపు దగ్గర గట్టుకు రాతి కట్టు వేశాం. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల చూస్తున్నా. గట్టు ఎక్కువగా జారేది నీళ్లు వచ్చేటప్పుడు కాదు, దిగేటప్పుడు. రెండు రోజులు నానిన మట్టిలో నీళ్లు నిండి ఉంటాయి, ఏటి మట్టం ఒక్కసారిగా పడిపోతే లోపలి నీళ్లకు బయటికి రావడానికి దారి ఉండదు, గట్టును నెట్టుకుంటూ వస్తాయి. రాళ్ల మధ్య సిమెంటు పూసి మూసేస్తే ఇంకా త్వరగా పడిపోతుంది. మేం రాళ్ల వెనక కంకర, దాని వెనక ఇసుక పొర పెట్టి, అక్కడక్కడా పైపు ముక్కలు వదిలి నీళ్లు కారిపోయేటట్టు చేశాం. అడుగున పాదం రాళ్లు ఏటి మట్టానికి బాగా కింద నుంచి లేపాం, కోత మొదలయ్యేది అక్కడే. రాతి కట్టు పైన వట్టివేరు, వావిలి నాటాం. పెద్ద చెట్లు కట్ట మీద నాటలేదు, వేర్లు రాళ్లను లేపుతాయి. కానుగ, వేప ఊరి వైపు మాత్రమే, దారికి పడమర ఉన్నచోటల్లా, సాయంత్రం ఎండకు నీడ పడాలని. మా వేసవి 43, 44 డిగ్రీలు దాటుతుంది, నీడ లేని దారి మార్చి నుంచి జూన్ దాకా ఎవరికీ పనికిరాదు. మొక్కలకు ఇనుప గార్డులు పెడితే మాయమయ్యాయి, ముళ్ల కంప కడితే మేకలు కూడా దగ్గరికి రాలేదు.

రేవు, బర్రెలు, మురుగు

మొదటి డ్రాయింగ్‌లో చాకలి రేవు ఉన్నచోట నేను "వ్యూయింగ్ డెక్" అని, అంటే నిలబడి ఏరు చూసే అరుగు అని, రాసి పెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. రెండో డిజైన్‌లో రేవు రాళ్లు ఒక్కటి కూడా కదపలేదు. దారి రేవు వెనక నుంచి పోతుంది, బట్టలు ఆరేసే చోటు దారికీ ఏటికీ మధ్యన ఉంటుంది. ఆరేసిన బట్టలు నడిచేవాళ్లకు అడ్డమని ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేశారు. ఆ రేవు ఈ దారి కంటే ముందు నుంచి ఉందని చెప్పాం, తర్వాత ఎవరూ అడగలేదు.

బర్రెలను ఆపాలని మొదట ఇనుప రెయిలింగ్ వేశాం. వారంలో ఒకచోట వంగింది, ఇంకోచోట కోసేశారు. బర్రెలు వందేళ్లుగా దిగే చోటు మనం రెయిలింగ్ వేశామని మారదు. అక్కడే దారిని అడ్డంగా దాటేటట్టు ఆరు మీటర్ల వెడల్పు రాతి వాలు వేశాం, పుట్టి మోసుకునేవాళ్లు కూడా అటే దిగుతారు. దాని పక్కనే చక్రాల కుర్చీ కోసం ఒకటికి పన్నెండు వాలుతో ఇంకో చిన్న ర్యాంపు. బైకులు రాకుండా రెండు చివర్లా రాళ్లు పాతాం, కుర్చీ పట్టేంత సందు వదిలి. బైకులు పూర్తిగా ఆగాయని చెప్పలేను, తగ్గాయి.

లైట్లు పై భాగంలో మాత్రమే ఉన్నాయి. సోలార్ పెడితే బ్యాటరీలు పోయాయి, వీధి లైట్ల లైన్ నుంచే తీసుకున్నాం. దారి నుంచి ఊళ్లోకి బయటపడే చోట్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది. ప్రతి 150 మీటర్లకు ఒకటి పెట్టాలనుకున్నాం, నాలుగు సాధ్యమయ్యాయి. ఏటి ఒడ్డున వెనక ఎవరో వస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఊళ్లోకి మళ్లే సందు కనపడాలి, అది కనపడితేనే చీకటి పడ్డాక కూడా ఆడవాళ్లు నడుస్తారు.

మురుగు గురించి దాచకుండా చెబుతా. మా 900 మీటర్లలో మూడు కాలువలు హంద్రీలో కలుస్తాయి. రెండింటి మీద కల్వర్టులు వేశాం. వాసన ఉంది. దారి వేసినంత మాత్రాన ఏరు బాగుపడదు, మురుగును శుద్ధి చేసి వదలడం వేరే పని, దానికి వేరే డబ్బు, వేరే శాఖలు కావాలి. కాకపోతే ఒకటి జరిగింది. ముందు ఎవరికీ కనపడని కాలువ ఇప్పుడు రోజూ కొన్ని వందల మందికి కనపడుతోంది. ఒక ఆదివారం నడిచేవాళ్లే పది మంది కలిసి కాలువ మూతి దగ్గర చెత్త తీయించారు, వార్డు ఆఫీసుకు ఫోటోలతో అర్జీ పెట్టారు. అంతకు ముందు అక్కడ చెత్త ఉందని చెప్పే మనిషే లేడు.

డబ్బు విషయంలో మీ దగ్గర పని మొదలుపెట్టే ముందు ఒక మాట గట్టిగా అడగండి: మూడో ఏడాది ఒండ్రు ఎత్తడానికి డబ్బు ఎవరిస్తారు? దానికి కాగితం మీద జవాబు వచ్చేదాకా పునాది తీయొద్దు. మా దగ్గర మొదటి ఏడాది ఎవరూ లేరు, నడిచేవాళ్ల చందాలతో చేశాం. ఇప్పుడు ఏటా వానాకాలం తర్వాత శుభ్రం చేయడానికి కొంత పక్కన పెట్టేటట్టు ఒప్పుకున్నారు. పెద్ద మొత్తం కాదు, ఆరుగురు మనుషులు, ఒక ట్యాంకరు, ఐదు రోజులు. అది చాలు.

2009లాంటిది వస్తే ఏం చేస్తారు అని ఆ అవ్వ మళ్లీ అడిగింది. ఈసారి జవాబు చెప్పగలిగాను. దారి మొత్తం మునుగుతుంది, మునగడానికే వేశాం, నీళ్లకు అడ్డం పడే గోడ ఒక్కటి కూడా కట్టలేదు. పై నుంచి నీళ్లు వదులుతున్నారని కబురు రాగానే రెండు చివర్లా గొలుసు వేసి తాళం పెడతారు. తాళంచెవులు రెండు, ఒకటి వార్డు ఆఫీసులో, ఇంకోటి రేవు దగ్గర పెద్దాయన ఇంట్లో. అర్ధరాత్రి నీళ్లొస్తే ఆఫీసు మూసి ఉంటుంది, ఆయన ఇల్లు మూసి ఉండదు.

ఇప్పుడు మిగిలింది పైకి పోవడం. కేసీ (కర్నూలు-కడప) కాలువ అక్విడక్ట్ మీద, అంటే కాలువ నీళ్లు పారే వంతెన మీద, హంద్రీని దాటే చోటిదాకా దారి తీసుకుపోవాలని మా ఆలోచన. 1860లలో తవ్విన ఆ కాలువను సాగుకే కాక పడవలు నడపడానికి కూడా ఉద్దేశించారు, సుంకేసుల నుంచి కడప వైపు 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. ఆ కట్ట వెంబడి దారి దొరికితే ఊరి తర్వాత ఊరు కలుపుకుంటూ పోవచ్చు. అది పెద్ద ఆశ, దానికి ముందు మూడో మురుగు కాలువ దగ్గర ఒక 40 మీటర్లు కలపాలి, అక్కడ జనం ఇప్పటికీ రెండు సిమెంటు పైపుల మీద కాళ్లు పెట్టి దాటుతున్నారు. పోయిన నెల అక్కడ లెవెల్స్ తీశాం. ఈసారి పెద్దాయనను ముందే పిలిచాం. ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరిగి, ఒకచోట కర్ర గుచ్చి, "ఇంతకాడికి వస్తాయి సారూ" అన్నాడు. మా సర్వే పెగ్ దానికి రెండడుగులు కింద ఉంది. పీకి కర్ర ఉన్నచోట పాతాం.